నాయన రెక్కలకెన్ని గుర్రాలు

మా నాయన కుప్పయ్య ఐరాలలో బెల్లం గానుగ దగ్గర నలభై ఏళ్లు పాకం కలిపాడు. వేడి పెనం ముందు వంగి వంగి కుడి భుజం కిందికి జారింది. కొత్త బాయిలర్ ఎంతది కావాలో తేల్చమని యజమాని అడిగితే, పాలిటెక్నిక్ చదివిన నేను నాయన పక్కనే పైకి చెప్పుకుంటూ లెక్కకు కూర్చున్నాను. చెరకు పిప్పి మంట గంటకు మూడున్నర లక్షల కిలోకేలరీలు. ఒక గుర్రం బలమంటే గంటకు ఆరువందల నలభై రెండు కిలోకేలరీలు; దాంతో భాగిస్తే ఐదువందల నలభై ఐదు హార్స్‌పవర్. చెరకాడే మోటారు ఇంకో పది.

"మంటకు అన్ని గుర్రాలా! నా రెక్కలకెన్ని పాపా?" అన్నాడు నాయన, కలపడం ఆపకుండా.

"రోజంతా పనిచేసే మనిషి గుర్రంలో పదోవంతంట నాయనా. పుస్తకంలో ఉండాది."

"అది రాసినోణ్ణి ఒక్క పూట ఈడ నిలబడమను, సూస్తా."

నాకూ ఒళ్లు మండింది. పంతానికి ఆ పదోవంతును కూడా కాగితం మీద కలిపాను: ఐదువందల యాభై ఐదు పాయింట్ ఒకటి.

యజమాని చూసి నవ్వాడు. "ఈ పాయింటెందుకు మా? కొట్టెయ్."

నా చేత్తోనే కొట్టేశాను.

సోమవారం బాయిలర్‌తో పాటు నాయన చోటికి పాకం కలిపే మిషను వచ్చింది. దాని మీద ఒక హార్స్‌పవర్ అని రాసుంది. పాయింటేమీ లేదు.