హత్య కాదు, వధ

గుడివాడలో మా పక్కింటి తెలుగు టీచరుగారు పోయారు. పోయిన నెలలో ఒక పొద్దున్న వాళ్లబ్బాయి గేటు దగ్గర నిలబడి, "అమ్మ నిద్రలోనే వెళ్లిపోయిందండీ" అన్నాడు. ఆవిడ పద్యం చదివితే వినాలని, పిల్లల మీద చెయ్యెత్తి ఎరగరని అందరూ చెప్పుకుంటున్నారు. అవన్నీ నిజమే. నేను మాత్రం ఒక గ్యాంగ్‌స్టర్ సినిమా గురించి చెప్పాలి.

పెళ్లయి మచిలీపట్నం నుంచి వచ్చిన కొత్తలో నాకీ ఊళ్లో ఒక్క మనిషీ తెలియదు. మావారిది క్యాంపుల ఉద్యోగం. ఇంట్లో నేనూ, తిరిగే ఫ్యానూ. ఒకరోజు పిట్టగోడ మీంచి టీచరుగారు, "అమ్మాయ్, కత్తులూ తుపాకులూ అంటే భయమా?" అని అడిగారు. లేదని అబద్ధమాడాను. "అయితే మ్యాటినీకి తయారవ్వు. తోడు లేక ఆగిపోయాను" అన్నారు.

సినిమా కొత్తదే, అందులో కాలం పాతది. బెల్‌బాటం ప్యాంట్లు, చెవులు మూసే క్రాపులు, చేటంత కాలర్లు, తళతళలాడే ఎర్ర కారు. అంతే సోకుగా చంపుకుంటారు. ఒకచోట రేడియోలో నెమ్మదైన పాట వస్తుంటుంది. ముఠా నాయకుడు పాట పూర్తయ్యేదాకా ఆగి, చొక్కా చేతులు మడిచి, అప్పుడు కాలుస్తాడు. నేను కళ్లు మూసుకున్నాను. టీచరుగారు నా మోచెయ్యి గిల్లారు.

"కళ్లు తెరువమ్మా. ఇది హత్య కాదు, వధ. హత్యలో కంగారుంటుంది, వధకో నడక ఉంటుంది. యతి దగ్గర ఆగినట్టు ఆగాడు చూడు."

కిందపడ్డవాడి చొక్కా ఇస్త్రీ నలగలేదని చూపించి, అదొక్కటే తప్పని పకపకా నవ్వారు. ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నాకు సిగ్గేసింది, హాయిగానూ అనిపించింది. ఈ ఊరు నాది అనిపించింది ఆ రోజే.

ఆ సినిమాకి మళ్లీ మళ్లీ వెళ్లాం. ఇంటర్వెల్లో ఓసారి ఆవిడే చెప్పారు: "మా ఆయన ఇలాగే ఉండేవారు, ఈ కాలర్లూ ఈ క్రాపూనూ. మావాడికి నాన్న గుర్తు లేడు. వాడి ముందు ఆ రోజుల మాటెత్తితే ఏడుపొస్తుంది నాకు. అందుకే ఇక్కడికొచ్చి చూసుకుంటాను."

మోకాళ్లు మొరాయించాక ఆవిడ హాలుకి రావడం మానేశారు. నేనే ఏ సినిమా చూసినా వచ్చి పిట్టగోడ దగ్గర కథ చెప్పేదాన్ని. "వధ ఉందా, ఉత్త హత్యలేనా?" అని అడిగేవారు. ఇప్పుడు చూడొచ్చు, చెప్పడానికే ఎవరూ లేరు. అటువైపు ఆరేసిన బట్టలు కూడా లేవు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక వాళ్లబ్బాయి వసారాలో ఒక్కడే కూర్చున్నాడు. పక్కన కూర్చుని సినిమా సంగతి చెప్పాను.

"అమ్మా? తుపాకుల సినిమాకా?" అన్నాడు. "సాయంత్రం ఇంటికొచ్చి 'ఇవాళ వధ ఘట్టం రక్తి కట్టిందిరా' అనేది. హరికథకి వెళ్లిందనుకునేవాణ్ణండీ" అన్నాడు.

వాళ్ల నాన్న కాలర్ల మాట కూడా చెప్పాను. తల వంచుకుని విన్నాడు.

"హాల్లో ఏడ్చేదా అండీ?"

"లేదు. నవ్వేవారు, పకపకా. హాలంతా తిరిగి చూసేది."

"పకపకానా? ఇంట్లో చిన్నగా, పెదాలతోనే నవ్వేది" అన్నాడు. "ఎలా నవ్వేదండీ?"

చూపిద్దామని నోరు తెరిచాను. నవ్వు రాలేదు. మరోసారి ప్రయత్నించాను. అతను నా మొహంలోకే చూస్తూ ఇంకా ఎదురుచూస్తున్నాడు.