గోతం కొరుకుతున్న చప్పుడు

నమ్మకపోతే నమ్మకండి. నేను బీఫార్మసీ చదివినవాణ్ణి. కొలతకు అందని సంగతిని ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. అయినా ఆ రాత్రి విన్నాను... ఈ చెవులతోనే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. వన్ టౌన్‌లో పప్పుల గోడౌన్ నడిపే మా బాబాయికి లింఫ్ గ్రంథుల క్యాన్సర్. మెడ మీద, చంకలో గడ్డలు. కీమోకి లొంగలేదు. యాంటీబాడీ మందు మొదలుపెట్టారు. ఇదీ పనిచెయ్యకపోతే ఇక చేసేదేమీ లేదని డాక్టరుగారు మా ఇద్దరికీ చెప్పేశారు.

మధ్యాహ్నం ఎక్కిస్తే చలి, వణుకు. ఆపారు. సాయంత్రం మళ్ళీ నెమ్మదిగా... చుక్క తరవాత చుక్క.

"దేంతో చేస్తార్రా దీన్ని?" అన్నాడు బాబాయ్.

"మొదట్లో చిట్టెలుకల నుంచి తీసేవాళ్ళు బాబాయ్. పరాయిదని ఒళ్ళు తరిమేసేది. అందుకని గడ్డను పట్టుకునే కొన మాత్రం ఎలుకది ఉంచి, మిగతాది మనిషిది చేశారు."

"జన్మంతా ఎలకల్ని తోలాను. ఇప్పుడు డబ్బిచ్చి ఎక్కించుకుంటున్నానన్నమాట." నవ్వబోయి దగ్గాడు.

అర్ధరాత్రి దాటింది. నా కళ్ళు మూతలు పడుతున్నాయి. అప్పుడు... కర్... కర్... కర్...

మంచం కింద చూశాను. ఏమీ లేదు. గోడకు చెవి ఆనించాను. లేదు. బాబాయ్ మీదికి వంగాను... చప్పుడు పెరిగింది. చంక దగ్గర... ఎండు గోతాన్ని పళ్ళతో కొరుకుతున్నట్టు.

గోడౌన్‌లో కునుకు తీసేటప్పుడు ఎలకలు గోతాలు కొరికే చప్పుడు వినపడితే, బాబాయ్ నిద్రలోనే ఉంగరంతో మంచం పట్టీని కొడతాడు. ఆ రాత్రీ అంతే. కళ్ళు తెరవకుండానే ఇనుప పట్టీ మీద టక్... టక్...

చప్పుడు ఆగిపోయింది.

కళ్ళు తెరిచాడు. "నువ్వూ విన్నావా?"

తలూపాను.

తన చెయ్యి చూసుకున్నాడు. "తరిమేశాన్రా," అన్నాడు నీరసంగా. "తింటున్నదాన్ని తరిమేశాను. మళ్ళీ వస్తుందంటావా?"

సిస్టర్‌ని పిలిచాను. బీపీ చూసింది. "బానే ఉన్నారండీ. ఇక్కడ ఎలకలేం లేవు. మీరు కూడా కాస్త నడుం వాల్చండి," అని వెళ్ళిపోయింది.

తెల్లారేదాకా ఇద్దరం చెవులు రిక్కించుకునే ఉన్నాం. ఏమీ లేదు...

తరవాతి డోసు నాటికి మెడ మీది గడ్డలు కరిగాయి. చంకలోది అలాగే ఉంది. ఒక్కో గడ్డ ఒక్కోలా లొంగుతుందని డాక్టరుగారు అన్నారు. నేను చదువుకున్నదీ అదే. బాబాయ్ మాత్రం సూది గుచ్చగానే కుడిచెయ్యి నాకు అందించాడు.

"పట్టుకో. నిద్రపడితే ఇది నా మాట వినదు."

పట్టుకున్నాను. పొద్దుపోయాక ఏదో... విన్నానో, అలసటో, ఇప్పటికీ చెప్పలేను. చెయ్యి మాత్రం వదల్లేదు.