రసూల్ సాబ్ వాన వద్దన్న రోజు

మా ఉరవకొండలో పెళ్లికి పరుపు కావాలంటే రసూల్ సాబ్ కొట్టుకే పోవాలి. నా టీ అంగడికి సరిగ్గా ఎదురు. దూది ఏకి, సంచిలో కూరి, పొడుగాటి సూదితో కుట్టి, ఆఖరున తానే దాని మీద ఓ కునుకు తీసి మరీ ఇచ్చేవాడు. ఇదేం పద్ధతని కొన్నవాళ్లు గొణిగితే, "నేను పండుకొని చూడకుండా నీకెట్ల అమ్మేదప్పా?" అని ఎదురు దబాయించేవాడు. మనిషి ఎక్కడ పడుకోవాలి, ఎట్లా పడుకోవాలి అన్న విషయంలో ఆయన మాటకు తిరుగు లేదు. నిజానికి ఇంట్లో ఏ విషయంలోనూ లేదు.

ఒక్కడే కొడుకు, షఫీవుల్లా. ఇంటర్ చదివేవాడు. కూర్చోమంటే కూర్చుని, లెమ్మంటే లేచే రకం. "మావాడు నా మాట దాటడు నారాయణా" అని రోజుకోసారి నాతో అనకపోతే సాబుకు తాగిన టీ అరిగేది కాదు. నాకు ఒళ్లు మండేది. నా కొడుకు గురించి చెప్పుకోవడానికి నా దగ్గర అంత సరుకు లేదు మరి.

రెండువేల మూడు దసరా సెలవుల్లో ఈ షఫీకి, వాడి స్నేహితులు తేజ, అభిలాష్‌లకు కొత్త పిచ్చి పట్టుకుంది. అభిలాష్ బెంగళూరులో వాళ్ల చిన్నాన్న ఇంటికి పోయినప్పుడు, అక్కడి కాలేజీ పిల్లలు వీపున సంచులు తగిలించుకుని కొండలెక్కడం, గుడారాల్లో పడుకోవడం చూశాడట. మనమూ తొండలకొండకు పోదాం, మూడు రోజులు, పెద్దవాళ్లెవరూ వద్దు అన్నాడు. వీధిలో ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. "మేపేదానికి గొర్రెలన్నా లేవు గదరా, కొండలో మీకేం పని?" అని నేనూ ఎగతాళి చేశాను.

రసూల్ సాబ్ మాత్రం సరేనన్నాడు. గుడారం కుట్టే అవకాశం ఆయనకు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? వేరుశనగ కుప్పల మీద కప్పే పాత టార్పాలిన్ కత్తిరించి గుడారం కుట్టాడు. మిగిలిన ముక్కలతో మూడు సంచులు కుట్టాడు. బయల్దేరే రోజు ముగ్గుర్నీ నిలబెట్టి పాఠం చెప్పాడు.

"బండల మీద పండుకోవద్దండి, తేళ్లుంటాయి. చెట్ల కింద ముండ్లు. ఎర్రవంక లోపల గుడారం ఎయ్యండి. ఆ ఇసుక నా పరుపు కంటే మెత్తగుంటాది."

"వంకలోనా? నీళ్లొస్తేనో?" అంది ఆయన భార్య హబీబా గుమ్మంలోంచి.

సాబు పగలబడి నవ్వాడు. మేమంతా నవ్వాం. ఏళ్ల తరబడి కరువు. కొండ కింది వాగు ఆ ఎర్రవంక. అది పారగా చూసిన పిల్లవాడు మా ఊళ్లో లేడు. ఎద్దులబండ్లు, పెళ్లి ట్రాక్టర్లు ఆ ఇసుకలోనే పోయేవి. అది వంకన్న సంగతే మరిచిపోయి బాట అనుకునేవాళ్లం.

"నీళ్లొస్తే చెప్పి పంపండి, బిందె తీసుకోనొస్తా" అన్నాడు సాబు. "షఫీ, ఇంటివా? వంకలోనే ఉండల్ల. యాడికీ జరగొద్దు."

షఫీ తలూపాడు.

మర్నాడు మధ్యాహ్నం కొండవైపు ఆకాశం నల్లబడింది. అట్లాంటి మబ్బులు ఎన్ని చూడలేదు, ఎవరం పట్టించుకోలేదు. అంతలోనే గాలి, వెంటనే వాన. ఊరంతా రోడ్డు మీదికొచ్చి తడిసింది. ముసలి తిమ్మమ్మ కొంగు చాపి నీళ్లు పట్టుకుంది. కాయ ఊరే వేళకు వాన లేక చేను మాడిపోతోందని పొద్దున్నే నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్న బసప్ప, వచ్చి నన్ను వాటేసుకున్నాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాణ్ణి, నేను కూడా అందరికీ ఊరికే టీ పోశాను.

రసూల్ సాబ్ కొట్టులోంచి బయటికొచ్చాడు. కొండవైపు చూశాడు.

"నిలిచిపోవల్ల. యా అల్లా, ఈ వాన ఇప్పుడే నిలిచిపోవల్ల" అన్నాడు, అందరికీ వినబడేటట్టు.

మా సీమలో వానను వద్దన్నవాణ్ణి అంతకు ముందు నేను చూడలేదు. బసప్ప మీదికి పోయాడు. "ఏమప్పా సాబూ, మతి పోయిందా? మా నోట్లో మన్ను కొట్టాలనా?"

"పిల్లోల్లు వంకలో ఉండారు బసప్పా."

బసప్ప ఎత్తిన చెయ్యి దించేశాడు. వాన ఆగాలని అతని నోటికి రాలేదు, ఆగొద్దనీ రాలేదు. "నారాయణా, బండి తియ్యి" అన్నాడు నాతో. హబీబా లోపలికి పోయి భర్త చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల ముందు విసిరింది.

నా టీవీఎస్ మీద ఇద్దరం బయల్దేరాం. దారంతా సాబు నా వెనక గొణుగుతూనే ఉన్నాడు. "తేజ తెలివిగల్లోడు, ల్యేచి పోతాడు. అభిలాష్‌కు భయమెక్కువ, వాడూ పోతాడు. మావాడే నారాయణా. మావాడు నా మాట దాటడు."

రోజూ విన్న మాటే. ఆ సాయంత్రం మాత్రం వినలేక బండి వేగం పెంచాను.

కొండకు ఇవతల పల్లె దగ్గర బాట తెగిపోయింది. ఎర్రవంక రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. ఎర్రటి నీళ్లలో తుమ్మకొమ్మలు, ఎవరిదో నులకమంచం కొట్టుకుపోతున్నాయి. పల్లెవాళ్లు గట్టున నిలబడి కొత్తనీళ్లకు పసుపు కుంకుమ వేసి టెంకాయలు కొడుతున్నారు. సాబు ఆ నీళ్లలోకి దిగబోతే నలుగురు పట్టి వెనక్కి లాగారు. ఒకరి ఇంటి అరుగు మీద బొంత పరిచి పడుకోమంటే దానివైపు చూడను కూడా లేదు. "ఒక్కసారి నా మాట కాదని ఉంటే చాలు. నేను చెప్పినచోట లేకుంటే చాలు." తెల్లారేదాకా అదే జపం. నేను గంటకోసారి గట్టుకు పోయి నీళ్లు తగ్గాయేమో చూసొచ్చాను.

పొద్దు పొడిచేసరికి వంక మోకాటి లోతుకు దిగింది. దాటి, గట్టు వెంబడి నడిచాం. ఒక మలుపులో తుమ్మచెట్టుకు చుట్టుకుని, బురదతో, గుడారం కనబడింది. సాబు పరుగెత్తాడు. లోపల ఎవరైనా చిక్కుకున్నారేమోనని మడత మడతా విప్పి తడిమాడు. ఎవరూ లేరు. ఆ బురదలోనే కూలబడ్డాడు. చంకల కింద చేతులు వేసి లేపాను. తడిసిన దూదిబస్తాలా బరువున్నాడు.

కొండ మొదట్లో ఒక బండ చాటున పొగ లేస్తోంది. తడికట్టెలు రాజేయడానికి పిల్లలు తంటాలు పడుతున్నారు. ముగ్గురూ ఉన్నారు. నా కళ్లను నేనే నమ్మక మళ్లీ లెక్కపెట్టాను. షఫీ మోచెయ్యి చెక్కుకుపోయింది, చొక్కా భుజం దగ్గర చినిగింది. అంతకు మించి దెబ్బలేమీ లేవు.

నేనే అడిగాను. "మీరు వంకలో లేరా?"

"ఉండినాం మామా" అన్నాడు తేజ. "వాన ఎక్కువైతానే మేమిద్దరం పైకి పోదామన్న్యాం. షఫీ రాలా. మా నాయన ఈడనే ఉండమన్నాడు, ఈ వంక పారదు అని గుడారంలో కూచున్నాడు. నీళ్లు కాళ్లకాడికొచ్చినా లేయలా. నడుములకాడికి వచ్చినంక చొక్కా పట్టి ఈడ్చుకోనొచ్చినాం. మా నాయనకు ఏం చెప్పల్లరా అని మమ్మల్నే తిట్టినాడు."

షఫీ తల వంచుకుని నిలబడ్డాడు. "గుడారం పోయింది నాయనా. నువ్వు చెప్పినచోట ఉండలేకపోతిని" అన్నాడు భయంభయంగా.

రసూల్ సాబ్ వాడి తల పట్టుకుని గుండెకు అదుముకున్నాడు. ఆ మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదలు. వెక్కిళ్ల మధ్య అన్నాడు. "రేయ్ షఫీ, ఇంకెప్పుడూ నా మాట ఇనొద్దురా. నీకు భయమైతే ల్యేచి పరిగెత్తు, నేనేం చెప్పింటే మాత్రమేం. ఇంటివా?"

"అట్నే నాయనా" అన్నాడు వాడు, ఎప్పటిలాగే.