బాలయేసుకు మా యాస

మా జమ్మలమడుగు చర్చికి కొత్తగా వచ్చిన అయ్యగారిది గుంటూరు వైపు. మా సంఘాల్లో పాస్టరును అయ్యగారనే పిలుస్తాం. ఆయన మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, కథ నడుస్తున్న కొద్దీ చెప్పబుద్ధి కాకపోవచ్చు.

క్రిస్మసుకు నెల ముందు ఆయన ఒక సినిమా తెచ్చాడు. యేసు చిన్నతనం మీద ఏదో దేశంవాళ్లు తీసిన సినిమా. అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు. ప్రభువు పుట్టుక గురించి, ఐగుప్తుకు పారిపోవడం గురించి, తిరిగి నజరేతుకు రావడం గురించి గ్రంథంలో ఉంది. పన్నెండేళ్లప్పుడు దేవాలయంలో తప్పిపోయి దొరకడం ఉంది. మిగతా చిన్నతనమంతా ఖాళీ. ఆ ఖాళీని సినిమావాళ్లు ఊహించి నింపారు. పిల్లవాడు వడ్రంగి అయిన తండ్రి యోసేపు దగ్గర చిత్రిక పట్టడం నేర్చుకుంటాడు, వేలు తెగితే తల్లి ఊదుతుంది, కొత్త ఊళ్లో పిల్లలు ఆటకు రానివ్వకపోతే గోడవారగా కూర్చుంటాడు. నాకు నచ్చింది. ఇన్నేళ్లుగా ప్రభువును పుట్టినరోజున ఒకసారి, మరణించే రోజున ఒకసారి చూశానే గాని, వేలు కోసుకున్న పిల్లవాడిగా చూడలేదు.

పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చర్చిల్లో వరసగా వెయ్యాలని అనుకున్నారు. సినిమా శబ్దం తగ్గించి, తెర పక్కన మైకులు పెట్టుకుని మనవాళ్లే తెలుగులో మాటలు చెప్పాలి. నేను గవర్నమెంటు హైస్కూల్లో తెలుగు టీచర్ని కాబట్టి మాటలు రాసే పని నా నెత్తిన పడింది. మరియమ్మ గొంతు కూడా నాదే. యోసేపు గొంతుకు చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా సంఘపెద్దను ఒప్పించారు. పిల్లవాడి గొంతు ఎవరిదని అడిగినప్పుడు, నేనొక పిల్లను తెస్తానన్నాను.

ఆ పిల్ల మా చెల్లెలి కూతురు. వాళ్లది పులివెందుల. ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఆ సంవత్సరమే కోస్తా నుంచి వచ్చిన ఒక సారును క్లాసులో ఇది లేచి "యాడ రాయల్ల సార్?" అని అడిగిందట. ఆయన దాన్ని బోర్డు దగ్గరికి పిలిచి, "ఎక్కడ వ్రాయాలి అండీ" అని నోరు తిరిగేదాకా అనిపించాడట. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి బడిలో నోరు విప్పడం మానేసింది. తర్వాత ఇంట్లోనూ ఊ, ఊహూ తప్ప మాట లేదు. "దీనికేమన్నా చెయ్యక్కా, నాకు భయమైతాంది" అని చెల్లెలు ఫోన్లో ఏడ్చింది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నేను కోస్తాలో బీఈడీ చదివిన రోజుల్లో నా మాట విని నవ్వినవాళ్లు ఇప్పటికీ నాకు గుర్తున్నారు. వాళ్ల నోట్లో 'ఏవండోయ్' తియ్యన, నా నోట్లో 'ఏంది' మొరటు. పొరుగింటి పుల్లకూర రుచి అనుకుని మావాళ్లు కూడా పిల్లల చేత అదే అనిపిస్తున్నారు. సరే, ఈ పిల్ల నోటికి పట్టిన తాళం మైకు ముందే తీయిస్తానని మనసులో అనుకున్నాను.

ప్రతి శనివారం చెల్లెలు దాన్ని ముద్దనూరు మీదుగా వచ్చే బస్సెక్కించేది. మొదటి శనివారం మైకు ముందే కాదు, నా ముందు కూడా గొంతు రాలేదు. తెర మీద పిల్లవాడు మూటతో తల్లి వెంట నడుస్తూ ఏదో అడుగుతున్నాడు. వాడేమంటున్నాడో నీకు తోచింది చెప్పమన్నాను. శానాసేపు చూసి మెల్లగా అన్నది: "మా, యాడికి పోతాండాం మనం?"

నేనదే రాసుకున్నాను. ఆ తర్వాత పిల్లవాడి మాటలన్నీ అది చెబితే నేను రాశాను. పెద్దవాళ్ల మాటలు నేను, ఫ్యాక్టరీ పెద్దాయన కలిసి సర్దుకున్నాం.

చిక్కు వచ్చింది ఒక్క పిలుపు దగ్గర. సినిమాలో పిల్లవాడు యోసేపును 'అబ్బా' అంటాడు. అది ప్రభువు పుట్టిన దేశంలో తండ్రిని పిలిచే మాట, మన గ్రంథంలోనూ ఉంది. కానీ మా కడప పల్లెల్లో అబ్బ అంటే తాత. చిన్నప్పుడు చర్చిలో ప్రభువు శ్రమల కథ చదువుతుంటే, సిలువకు ముందు ఆయన తోటలో వాళ్ల తాతను పిలుచుకుంటున్నాడనే నేను అనుకునేదాన్ని. అది నాకు న్యాయంగానే తోచింది. నాయన కఠినంగా ఉంటే పిల్లలు పోయేది అబ్బ దగ్గరికే కదా. మా పక్కింటి ముస్లిముల పిల్ల వాళ్ల నాన్నను అబ్బా అనేది, దానికి చెబితే వెంటనే అర్థమయ్యేది, నాకే కాలేదు. ఇప్పుడు తెర మీద గడ్డమున్న యోసేపును పిల్లవాడు అబ్బా అంటే, పులివెందుల అవ్వలందరూ ఆయన్ను మరియమ్మకు మామగారని లెక్కేస్తారు. అందుకని 'నాయనా' అని మార్చాను. మాకు తండ్రీ నాయనే, ముద్దొస్తే కొడుకూ నాయనే.

మూడో శనివారం అయ్యగారు రిహార్సలుకు వచ్చాడు. కాసేపు విని మొహం చిన్నది చేసుకున్నాడు. "ప్రభువు నోట యాడ, ఏంది అనిపిస్తారా అమ్మా? వినేవాళ్లు నవ్వరూ?"

"వినేవాళ్లంతా మేమే కదా అయ్యగారూ. ఎవరు నవ్వుతారు?" అన్నాను.

ఆయన నవ్వలేదు. విషయం ప్రొద్దుటూరుకు చేరింది. మూడు సంఘాల పెద్దలు అక్కడి చర్చి వెనక గదిలో కూర్చున్నారు. పిల్ల బయట వరండాలో ఉంది. తలుపు వేసి ఉన్నా మా గొంతులకు తలుపులు అడ్డమా.

అయ్యగారు నిదానంగా చెప్పాడు. 'అబ్బా' పవిత్రమైన పిలుపట, దాన్ని తీసేయకూడదట. మిగతాది గ్రంథపు భాషకు దగ్గరగా ఉండాలట. నేను కూడా నిదానంగానే మొదలుపెట్టాను, ఎంతోసేపు నిలవలేదు.

"అయ్యగారూ, ప్రభువును పట్టుకుపోయినప్పుడు చలిమంట దగ్గర ఒక శిష్యుణ్ణి ఎట్ల గుర్తుపట్టినారు? మాట తీరును బట్టే గదా, వీడు గలిలయ మనిషని. అంటే ప్రభువు ఊరికీ ఒక యాస ఉండింది. రాజధాని వాళ్లకు అది మొరటుగానే వినపడింది. నజరేతు నుంచి మంచిదేమన్నా వస్తుందా అని వెక్కిరించినోళ్లూ ఉండారు. ఆ వెక్కిరింపు మాకు కొత్త కాదు. సినిమాల్లో మా మాట ఎప్పుడు వినపడుతుందో చెప్పండి. కొడవలి పట్టుకున్నోడి నోట్లో, బాంబులేసేటోడి నోట్లో. కొడవలి పట్టినోడికి తగిన మాట ఉలి పట్టినోడికి తగదా?"

ఫ్యాక్టరీ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "యోసేపు మాటలు నేను చెప్పేది ఈ నోటితోనే అయ్యగారూ. ఇంగో నోరు నాకు యాడుంది?"

కొందరు నవ్వారు, కొందరు తలలు వంచుకున్నారు. చివరికి బేరం కుదిరినట్టే కుదిరింది. ఇంటి మాటలు, దారి మాటలు మా యాసలోనే ఉండొచ్చు. నాయనా అన్న పిలుపూ ఉండొచ్చు. కానీ చివర దేవాలయంలో పిల్లవాడు తల్లికి చెప్పే జవాబు ప్రభువు సొంత మాట, గ్రంథంలో అచ్చయిన మాట. దాన్ని 'వలెను'లతో, 'ఎరుగరా'లతో ఉన్నది ఉన్నట్టే చెప్పాలి. "అది పిల్ల నోట వద్దు, నేనే చదువుతాను" అన్నాడు అయ్యగారు. పెద్దలు చేతులెత్తి సరేనన్నారు. నా చెయ్యి ఒడిలోనే ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

జమ్మలమడుగు బస్సులో పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. శానాసేపటికి అడిగింది: "ఆ మాట నేను చెప్పింది బాగలేదా పెద్దమ్మా?"

"బాగుంది" అన్నాను.

"మల్ల ఎందుకు తీసేసినారు?"

తెలుగులో ఎంఏ చేసినదాన్ని, సంచీలో టికెట్లు వెతుక్కున్నాను. ఆ మరుసటి శనివారం రిహార్సల్లో దాని పెదాలు కదిలాయి గాని గొంతు రాలేదు. సిమెంటాయన "పాపా, గట్టిగా అనమ్మా" అని బతిమాలాడు. బడిలో పోయిన గొంతును గుడిలో వెతుక్కుందామని తెస్తే, గుడి కూడా అదే పని చేసింది. ఇప్పుడు మూసుకుంటే ఈ నోరు మళ్లీ తెరుచుకోదని నాకు నిజంగా భయం వేసింది.

అయ్యగారి ఇంటికి పోయి అడిగాను. "ఒక్క వాక్యమే కదమ్మా" అన్నాడు. ఒక్క వాక్యమే అయితే మీరే వదులుకోండి అన్నాను. వదలలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, ప్రభువుకు లేని పట్టింపు మీకెందుకు అని కూడా అనేసి వచ్చాను. అన్నందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు.

ఇంటికొచ్చి పిల్లను కూర్చోబెట్టుకున్నాను. "నీ మాటను నేను కొట్టెయ్యలేదు. నీ కాగితంలో అట్లనే ఉంది. అయ్యగారు గూడా ఆ మాట చదువుతారు. చెప్తావో, ఆయనకు ఇడిచిపెడ్తావో నీ ఇష్టం. నువ్వేం చేసినా నీ పక్కన నేనుంటా" అన్నాను. తల ఊపింది. ఆ ఊపు దేనికో నాకు అర్థం కాలేదు.

పులివెందులలో ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం భోజనాలు చేసి అందరూ చర్చిలో కూర్చున్నారు. టెంటుహౌసు నుంచి తెచ్చిన గుడ్డలు కిటికీలకు కట్టాం. తెర పక్కన ఒక మైకు మాది, ఒక మైకు అయ్యగారిది. ఆయన ఒడిలో గ్రంథం ఉంది. మూడో వరుసలో పిల్ల క్లాసు పిల్లలు కొందరు ఉన్నారు. వాళ్లను చూడగానే దాని చెయ్యి నా చీర కుచ్చిళ్లను పట్టుకుంది.

తెర మీద మూటతో పిల్లవాడు నడుస్తున్నాడు. నోరు తెరిచాడు. మైకులో ఏమీ రాలేదు. వాడు తల్లి కొంగు పట్టి లాగి మళ్లీ అడిగాడు, అప్పుడు వినపడింది. "మా, యాడికి పోతాండాం మనం?"

మూడో వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ముందు చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ వెనక్కి తిరిగి కసిరింది: "ఊరుకోండప్పా, బిడ్డ అడగతాండాడు." ఆమెకు మైకు కనపడలేదు, పిల్ల కనపడలేదు, తెర మీద బిడ్డే కనపడ్డాడు. నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత పిల్ల గొంతు తడబడలేదు. వేలు తెగినప్పుడు "నాయనా, నెత్తర" అంటే హాల్లో ఆడవాళ్లు అయ్యో అన్నారు. నజరేతు పిల్లలు ఆటకు రానివ్వనప్పుడు "నేనేం జేసినా?" అని అది అడిగిన తీరుకు, పక్కనున్న నాకు రాసిన మాటలు చదవడం కష్టమైంది. అది ఆ ప్రశ్నను ఎవరిని అడుగుతోందో నాకు తెలుసు.

దేవాలయం వచ్చింది. పండితుల మధ్య పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. తల్లి పరిగెత్తుకుంటూ వచ్చింది. నేను చెప్పాను: "ఎంత పని చేసినావు నాయనా. మీ నాయనా నేనూ నిన్ను దేవులాడని తావు లేదు." దేవులాడడమంటే మాకు వెతకడం. చెప్పి మైకు కిందికి దించాను. అయ్యగారు తన మైకు దగ్గరికి తీసుకున్నాడు. చీకట్లో గ్రంథం పేజీ తిప్పిన చప్పుడు మైకులో పెద్దగా వినిపించింది.

పిల్ల నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"నన్నెందుకు దేవులాడినారుమా? మా నాయన ఇంట్లో గాక నేను యాడుంటా?"

తెర మీద యోసేపు ఆ మాట విని తల దించుకున్నాడు. ఏ నాయన గురించి చెబుతున్నాడో ఆయనకు అర్థమైంది, హాలుకూ అర్థమైంది. గ్రంథంలో ఎన్నోసార్లు చదివిన నాకు కూడా, ఆ జవాబు తల్లికి ఎంత బరువో ఆ రోజే తెలిసింది. ముసలమ్మ చాప మీద నుంచి, ఎవరో తననే అడిగినట్టు, జవాబిచ్చింది: "ఔ, ఇంగ యాడుంటాడు?" ఆమె కళ్లు తుడుచుకుంటోంది. అయ్యగారు చదవడానికి ఇంక చోటు లేదు, తెర మీద వాళ్లు ఇంటి దారి పట్టేశారు.

సినిమా అయ్యాక వాకిట్లో ఆయన మా దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. పిల్ల తల మీద చెయ్యి పెట్టి, తప్పుకోవడానికి దానికి దారి కూడా తనే చూపించాడు. "ఆ వాక్యం నేను చదవాలనుకున్నాం కదమ్మా. మరచిపోయావా?"

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది, ఘాటైనదే. నేను నోరు తెరిచేలోపు పిల్ల తలెత్తి ఆయన్నే చూసింది. దాని క్లాసు పిల్లలు పక్కనే చెప్పులు వేసుకుంటున్నారు.

"మర్చిపోలేదు అయ్యగారూ. తెర మీద పిల్లోడు నోరు తెరిచినాడు. మీరు ఇంగా పేజీ తిప్పతాండారు" అంది. అంతటితో ఆగలేదు. "ప్రొద్దుటూర్లో గూడా నేనే చెప్తా."