కదలని మనిషి

కంభంలో పెళ్లి జాకెట్టంటే షహనాజే కుట్టాలి. పొద్దుటి నుంచి ఆమె కాళ్లు మిషన్ తొక్కుతూనే ఉంటాయి. చేతులు మాత్రం సూది కింద గుడ్డను అదిమి పట్టుకుని ఉంటాయి. షుగరొచ్చిందని భర్త హమీద్ ఆమె చేతికి ఫిట్‌నెస్ బ్యాండు కట్టి, తిండి లెక్కలు చెప్పే యాప్‌కు కలిపి, దాన్ని తన ఫోన్‌లో పెట్టుకున్నాడు. చేయి ఊగదు కాబట్టి బ్యాండుకు ఆ తొక్కుడు తెలియదు. "కూర్చున్న చోటు నుంచి లేవనే లేదంట. ఒక్క రొట్టె చాల్లే," అంటాడు రోజూ తినేటప్పుడు. పిక్కలు పీకుతున్నా ఆమె పళ్లు కొరుక్కుంటూ రెండో రొట్టె పక్కన పెట్టేది.

నిన్న ఒళ్లు మండి బ్యాండును కాలికి కట్టుకుంది. మధ్యాహ్నం హమీద్ దుకాణం వదిలేసి ఇంటికి ఉరికి వచ్చాడు.

"ఊరంతా తిరిగినట్లు చూపిస్తాంది. ఎవరింటికి పోయినావు?"

షహనాజ్ మిషన్ ఆపకుండానే సల్వారు అంచు పైకి లాగి కాలు చూపించింది. "కదలకపోతే రొట్టె దండగంటివి. కదిలితే ఎవరింటికంటివి. ఇంగ నేనేం చేసేది?"

ఆ పూట ఆమే ముందు కూర్చుని రెండు రొట్టెలూ తినేసింది. హమీద్ పళ్లెంలో బ్యాండు పెట్టింది.