తలంబ్రాల బటన్ మీది మొహం

నిన్న పొద్దున వనపర్తిల చాయ్ పెట్టుకుంటున్న. గద్వాల నుంచి ఫోన్.

మా తమ్ముడు సుదర్శనం పోయిండట. కూచున్నకాడనే గుండె ఆగిందట.

మొదలు నమ్మలే. ఏ పెండ్లి డిస్కూ చెప్పిన టైముకు ఇచ్చినోడు కాదు వాడు. ఈ ఒక్క పనిల మాత్రం తొందరపడ్డడు. అక్కను నేనుండంగనే వరుస తప్పి ముందు పోయిండు.

పొద్దటి నుంచి ఈ ఫేస్‌బుక్ పేజీల అందరు రాస్తున్నరు. మంచోడు, కళాకారుడు, ఎప్పుడూ నవ్వు మొహం అని.

సరే. నేను ఇంగ్లీషు టీచరుగ రిటైరయినదాన్ని. తప్పులు దిద్దకుండ ఉండలేను.

గద్వాలల వాని వీడియో షాపు మీకందరికి తెలుసు. మీ పెండ్లి క్యాసెట్లన్నీ వాడు తీసినవే. సగం మందికి తలకాయలు ఎగరగొట్టిండు, అది వేరే సంగతి.

క్యాసెట్లు పోయి డీవీడీలు వచ్చిన కొత్తల వానికొక పిచ్చి పట్టింది. డిస్క్ పెట్టంగనే టీవీల మెనూ రావాలె. ప్రదానం, మైలపోలు, తలంబ్రాలు, అప్పగింతలు... ఒక్కొక్కదానికి ఒక బటన్. బటన్ మీద చిన్న బొమ్మ. రిమోట్‌తోని ఏది నొక్కితే అది ఆడాలె.

దానికి సాఫ్ట్‌వేర్ కావాలె. ఏది మంచిదో వానికి తెల్వదు. ఇంగ్లీషు రాదు. అప్పుడు యాదికొచ్చింది అక్క.

ఆ ఏడే నా మనవరాలు స్వప్న పెండ్లయింది. ప్రయోగానికి ఆ పెండ్లే దొరికింది వానికి.

మొదటి సాఫ్ట్‌వేర్ల అన్నీ తయారుగున్న డిజైన్లే. ఎర్రాకులు రాలే చెట్లు, తెల్ల గౌన్లు, సారాయి గ్లాసులు. మైలపోలు పక్కన సారాయి గ్లాసులేంది రా అన్న.

రెండోది ట్రయల్ వెర్షన్. అప్పగింతల్ల ఏడ్చే పిల్ల నెత్తి మీద అడ్డంగ కంపెనీ పేరు. అది ఫ్యాషన్ అని చెప్పి ఒక పార్టీకి అంటగట్టిండు గూడ.

అట్ల చెడిపోయిన డిస్కులను వడ్డేపల్లి దిక్కు జొన్నచేన్లల్ల దారానికి వేలాడదీసిండ్రు. పిట్టలు బెదిరినయి. వాని పనితనానికి దక్కిన నిజమైన మెప్పు అదొక్కటే.

మూడోదాంట్ల తెలుగు అక్షరాలు డబ్బాలు డబ్బాలుగ వచ్చినయి. డీటీపీ షాపుల పేర్లు రాయించి, బొమ్మలుగ చేసి అతికిచ్చిండు. తెలివిలేదని ఎవరన్నరు.

హెల్ప్ మాత్రం అంతా ఇంగ్లీషే. నన్ను పక్కన కూచోబెట్టుకొని చదివిచ్చుకున్నడు. బటన్ మీద మన ఇష్టమొచ్చిన బొమ్మ పెట్టుకోవచ్చునా, జర చూడక్కా అన్నడు.

పెట్టుకోవచ్చు రా అన్న. తెలుగుల విడమరిచి చెప్పిన. బటన్ మీద కుడి క్లిక్. వీడియోను కావాల్సిన కాడ ఆపు. ఆ బొమ్మను బటన్‌కు ఇయ్యి.

మళ్ల మళ్ల చెప్పిచ్చుకున్నడు. అంత శ్రద్ధ బడిల చూపిస్తే కలెక్టరయ్యెటోడు.

ఎందుకో మాత్రం చెప్పలే.

ఇంక, ఈ సాఫ్ట్‌వేర్ల కన్న ముందు అయిన ఆ పెండ్లి సంగతి.

స్వప్న తల్లి లేని పిల్ల. నేనే పెంచిన. కాని మొగడు పోయినదాన్ని గద, తలంబ్రాలప్పుడు ముందట కనబడొద్దు. సుదర్శనం భార్య సరోజ నా మోచెయ్యి పట్టి, "వదినె, నువ్వు జర ఎన్కకు జరుగు" అన్నది. జరిగిన. పందిరి గుంజ పక్కకు పోయి నిలబడ్డ.

స్వప్న పీటల మీదికెల్లి చూసింది.

"నాయినమ్మ ఈడికి రాకుంటే నేను లేస్త."

పోయిన. అక్షింతలు ఏసిన. సుదర్శనం కెమెరా నా మొహం మీదనే ఉండె.

కొన్ని దినాలకు ఆ మూడో సాఫ్ట్‌వేర్‌తోని చేసిన డిస్క్ తెచ్చి, పెండ్లికొడుకు వాళ్లందరి ముందట పెట్టిండు. మెనూ ముద్దుగ వచ్చింది. తలంబ్రాల బటన్ మీద సన్నాయి ఊదెటాయన. బుగ్గలు రెండూ గుమ్మడికాయలు. నొక్కితే, నేను అక్షింతలు ఏసుడు అయిపోయిన కాడికెల్లి ఆడింది.

ఎందుకు రా అని పక్కకు పిలిచి అడిగిన.

"మొదటి సాఫ్ట్‌వేర్ దానంతటదే బొమ్మ తీసుకుంటదక్కా, మార్చనీయది. దాంట్ల నీ మొహం వచ్చింది. అందుకే ఈ మూడోది తెచ్చిన. డిస్క్ తెరవంగనే శుభం కనబడాలె గద."

నవ్వుకుంటనే అన్నడు. నా చాయ్‌ల చక్కెర సరిపోయిందా అని గూడ అడిగిండు.

ఆ సన్నాయి ఆయన భార్య పోయినోడే. ఆ సంగతి ఎవ్వరి శుభానికి అడ్డం రాలే.

దుర్మార్గుడైతే తిట్టి ఊకుందును. వాడు దుర్మార్గుడు కాదు. నన్ను తీసేసే ఉపాయం నాతోనే చదివిచ్చుకున్నడు, అంతే.

నిన్న సాయంత్రం గద్వాలల సాగనంపుడు అంతా అయినంక వాని కొడుకు కిరణ్ నా దగ్గరికి వచ్చిండు. పోయిన నెలనే వాని పెండ్లయింది. ఆ డిస్క్ తండ్రి కంప్యూటర్ల తయారుగ ఉన్నది. ఖిల్లా ఘణపూర్‌ల పెండ్లిపిల్ల తరఫోళ్లు ఎదురు చూస్తున్నరు.

మెనూ మొదటి పేజీల సరోజ. ఇంత బొట్టు, తలనిండ పూలు. సుదర్శనం ఏరికోరి పెట్టుకున్న బొమ్మ.

"అత్తా, ఇంక అమ్మ బొమ్మ మొదట్ల ఉండొద్దని పెద్దమనుషులు అంటున్నరు. ఎట్ల మార్చాల్నో నీకే తెల్సని నాయిన చెప్తుండె. జర చెప్పు."

సరోజ గోడకు ఆనుకొని కూచున్నది. విన్నది. నా దిక్కు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. గుంజ పక్కన నేను చూసిన చూపే.

కుడి క్లిక్. ఆపు. ఇయ్యి. నాకు నోటికొచ్చు.

"మర్చిపోయిన బిడ్డా. ఉన్నది ఉన్నట్లే పంపు."

సరోజ మీద ప్రేమ అనుకునేరు. కాదు. నన్ను జరిపిన ఆ చెయ్యి నా మోచేతికి ఇంకా యాదికున్నది. కాని ఆ డిస్క్ పెట్టినప్పుడల్లా అందరు ముందుగాల ఆమె మొహమే చూడాలె. చూసి, రిమోట్ పట్టుకొని గుటకలు మింగాలె.

సుదర్శనం, ఈ మెనూ నువ్వు మంచిగ చేసినవు. ఎవ్వరినీ ముట్టనీయ.

పోయి రా తమ్ముడా. నీకు శాంతి దొరకాలె. ట్రయల్ వెర్షన్ కాదు. మీద అడ్డంగ ఏ పేరూ లేని, పూర్తి శాంతి.