ఆరో గడియారం

బిష్కెక్ నగరంలో ఎవరి గడియారం ఆగినా బురుల్చాకు తుమ్ము వచ్చేది. నమ్మనివాళ్ళు మానెయ్యండి. ఒకరోజు వరసగా పదకొండుసార్లు తుమ్మి, స్టేషన్లో పదకొండు గడియారాలు ఆగాయని ఇంట్లోంచే చెప్పింది. అలాంటి మనిషికి యాభై ఏడో ఏట దొరికిన కొలువు, గుడ్డి ప్రాసెసర్లకు దారి చూపించడం.

ప్రాసెసర్ పుట్టుగుడ్డి. బోర్డు మీద తన పక్కన ఏం అతికించారో దానికి తెలియదు. ఒక ఫైలు చదువుకుని తెలుసుకుంటుంది. కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది కనుక ఆ ఫైలును ఆఫీసులో చెట్టు అంటారు. బోర్డులోని ఏ గడియారం సెకనుకు ఎన్ని కోట్లసార్లు కొట్టుకుంటుందో, ఆ దెబ్బల మీద ఏ భాగం బతుకుతుందో చెట్టులో రాయాలి. రాయకపోతే, యంత్రం లేచిన కాసేపటికి, ఎవరూ నాది అనని గడియారాలన్నిటినీ కరెంటు దండగని ఆపేస్తుంది.

కనుమ మీద మంచుచరియల సంగతి కింది లారీలకు చెప్పే పెట్టె ఒకటి తయారుచేస్తున్నారు. దాని చెట్టులో, రేడియో ఆరో గడియారం మీద బతుకుతుందని బురుల్చా ఒక వరుస రాసింది. యజమాని దోరోన్‌బెక్ దాన్ని కొట్టేశాడు. ఆమెకు కొడుకు వయసువాడు. నోటితో ఎజే అంటాడు, అక్క అన్న మర్యాద ఆ నోటితోనే సరి.

"ఎజే, అది లేకుండానే రేడియో పాడుతోందిగా! పెళ్ళివిందులో పొగడ్తల్లా ఎందుకింత సాగదీస్తావు?"

"బల్ల మీద పరీక్ష కేబుల్ పెట్టావు గనక పాడుతోంది నాయనా. కేబుల్‌కీ ఆ గడియారమే కావాలి. దానికోసం మేలుకునుంది. ఒక్కసారి పీకి చూడు."

"పీకను. ముసలాళ్ళ భయాలకి మందెక్కడుంది?"

గదంతా గొల్లున నవ్వింది.

పెట్టెలు కొనే సర్కారు కమిషన్ వాళ్ళు ఫైలుకు సీలు వేశారు. తనిఖీ అయ్యేదాకా చెట్టులో చుక్క కూడా మార్చకూడదు. పెట్టెను కనుమ మీద బిగించి కేబుల్ పీకారు. రేడియో నోరు మూసుకుంది.

"తనిఖీ ఎల్లుండి," అన్నాడు దోరోన్‌బెక్. "నువ్వు పైకొచ్చి, కేబుల్ పెట్టుకుని కనబడకుండా కూర్చో. గట్టెక్కితే నీ కుర్చీ నీది. లేదంటే ముందు పోయేది నువ్వే."

పింఛనుకు ఇంకా ఏడాది ఉంది. ఈ వయసులో మరో కుర్చీ ఎవరిస్తారు? వెళ్ళింది.

కనుమ మీద పెట్టె పక్కనున్న గుడిసె వెనక, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. కేబుల్ మంచు కిందనుంచి పెట్టెలోకి పోయింది. వేళ్ళు బిగించి దాని కొన పట్టుకుంది, గాలికి ఊడకుండా. అక్కడి చలికి ఊపిరి గడ్డకట్టి ఒళ్ళో రాలింది, ఏరుకుని టీలో వేసుకోవచ్చు. అవతల కమిషన్ వాళ్ళు ఉడికిన గొర్రెమాంసం తింటున్నారు. ఆమెకు దగ్గొచ్చింది.

"ఏంటా చప్పుడు?" అన్నాడొక కమిషన్ పెద్ద.

"కొండ ఉడుత అండీ," అన్నాడు దోరోన్‌బెక్.

"చలికాలంలో అవి నిద్రపోతాయిగా!"

"ఇది నిద్రపట్టని ముసలిదండీ!"

అందరూ పగలబడి నవ్వారు. ఆమె వేళ్ళు కదిలాయి. ఒక్క లాగు లాగితే అందరి ముందూ వాడి పరువు మంచులో కలిసేది. లాగలేదు. మూడు గంటలు పట్టుకునే ఉంది.

పెట్టె నెగ్గింది. అలాంటివి ఇంకో ఇరవై కావాలన్నారు. చెట్టులో చిన్న దిద్దుబాటుకూ ఒప్పుకున్నారు. దోరోన్‌బెక్ గుడిసె వెనక్కొచ్చి ఫోను చూపించాడు.

"చూడు ఎజే, నీ వరుస నేనే మళ్ళీ పెట్టేశా."

చూసింది. ఆరు అని రాసి ఉంది. గడియారాల లెక్క సున్నాతో మొదలవుతుంది, కాబట్టి ఆరోదాని నంబరు ఐదు. ఆరు అంటే ఏడోది, తెరను నడిపే గడియారం. పెట్టె మళ్ళీ మూగదవుతుంది. తను నోరు మూసుకుంటే చాలు, వారం తిరక్కుండా వీడు బతిమాలుతూ తన గుమ్మం ముందుంటాడు. కింద మలుపులో లారీలు ఒకదాని వెనక ఒకటి ఎక్కుతున్నాయి.

"ఐదు," అంది. "సున్నా నుంచి లెక్కపెట్టు నాయనా."

దిద్దాడు. "ఇప్పుడు సరిపోయిందా?"

"సరిపోయింది."

"ఇంకేమన్నా మిగిలిందా?"

"లేదు. అంతా చెట్టులో ఉంది."

"అయితే ఆఫీసు తాళంచెవి ఇటిచ్చెయ్ ఎజే. ఇంక నిన్ను అడగాల్సింది ఏముంది? కార్లో చోటు లేదు, ఏదో ఒక లారీ ఆపుకో."

ఆమె జేబులోంచి గుత్తి తీసింది. వేళ్ళు కొయ్యబారిపోయి, తాళంచెవి రింగులోంచి ఊడి రాలేదు. అతనే లాక్కుని, ఊడదీసుకుని, మిగతా గుత్తి ఆమె ఒళ్ళో పడేశాడు.